మోటారు వేసే ప్రోగ్రాముకు రూట్ అధికారం దేనికి?

శ్రోతలకు నమస్కారం.

మామిడి తోటలో బోరు మోటారును ఇంట్లోంచే ఫోనుతో వేసుకునే ఏర్పాటు ఇప్పుడు తిరుపతి, చిత్తూరు కాలేజీ పిల్లల చేతిలో పని. రాస్ప్‌బెర్రీ పై లాంటి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంతో నడిచే చిన్న కంప్యూటరు బోర్డు, ఒక రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చు), కాసిని వైర్లు ఉంటే చాలు. బోర్డు అంచున 40 పిన్నులుంటాయి. వాటిలో ప్రోగ్రాము ఆన్, ఆఫ్ చేయగలిగిన వాటిని జీపీఐఓ పిన్నులంటారు. పిన్ను ఆన్ అయితే రిలే టక్కుమంటుంది, స్టార్టరు అందుకుంటుంది.

చాలా బోర్డుల్లో మొదటిసారి నడపగానే 'పర్మిషన్ డినైడ్' అని వస్తుంది. టెన్షన్‌లో ముందు 'సుడో' తగిలిస్తారు. అంటే ఆ ప్రోగ్రామును రూట్‌గా, లినక్స్‌లో సర్వాధికారాలున్న యూజరుగా, నడపమని చెప్పే ఆదేశం. మోటారు తిరుగుతుంది, సుడో అలాగే ఉండిపోతుంది. నా అభ్యంతరమంతా అక్కడే. మోటారు వేసే మనిషికి షెడ్డు తాళంచెవి ఇస్తాం గానీ బీరువా తాళాలు కూడా ఇవ్వం కదా! ఇంటర్నెట్ నుంచి ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాములో చిన్న లోపమున్నా, దాన్ని పట్టుకున్నవాడికి బోర్డు మొత్తం చిక్కుతుంది.

లినక్స్‌లో ఈ పిన్నులు 'డెవ్' ఫోల్డరులో 'జీపీఐఓచిప్' అనే ఫైలుగా కనిపిస్తాయి. ఫైలు అన్నాక దానికో యజమాని, ఓ గ్రూపు ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై సిస్టంలో 'జీపీఐఓ' గ్రూపు ముందే ఉంటుంది. లేని బోర్డుల్లో మనమే పెట్టుకుని, పరికరాల ఫైళ్లను, వాటి అనుమతులను చూసుకునే 'యూడెవ్'కు ఒక్క లైను నియమం రాయాలి: ఈ పరికరం ఫలానా గ్రూపుది, అనుమతి 0660. అంటే యజమాని, గ్రూపు చదవొచ్చు, రాయొచ్చు. బయటివాళ్లకు ఏమీ లేదు. కొందరు నేరుగా ఆ ఫైలుకే 666 అనుమతి ఇచ్చి అందరికీ తెరిచేస్తారు. అది ప్రమాదం, పైగా నిలవదు కూడా. బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ ఆ ఫైలు కొత్తగా పుడుతుంది, యూడెవ్ నియమమైతే ప్రతిసారీ వర్తిస్తుంది.

2016లో వచ్చిన లినక్స్ 4.8 నుంచి ఉన్న ఈ 'జీపీఐఓచిప్' ఫైలు పద్ధతిలో ఇంకో మేలుంది. ఒక ప్రోగ్రాము పిన్నును పట్టుకుని ఉండగా రెండోది దాన్ని లాక్కోలేదు. మొదటిది ఆగిపోతే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెలే పిన్నును విడిపిస్తుంది. అయితే ఆ తర్వాత పిన్ను ఆన్‌లో ఉంటుందో, ఆఫ్‌లో ఉంటుందో గ్యారంటీ లేదు. మోటారు ఆగిపోయేలా రిలే వైరింగే చూసుకోవాలి.

గ్రూపుకూ ఒక పరిమితి ఉంది. అందులో చేరినవాళ్లకు ఆ చిప్‌లోని పిన్నులన్నీ అందుతాయి. ఒక్క పిన్ను మాత్రమే ఇవ్వాలంటే, ఒక చిన్న సర్వీసును, అంటే వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామును, వేరే యూజరుగా నడిపి ఆ యూజరునే గ్రూపులో చేర్చండి. ఫోనుతో మాట్లాడే ప్రోగ్రాము మామూలు యూజరుగా ఉండి, ఆ సర్వీసుకు 'ఆన్', 'ఆఫ్' అని మాత్రమే చెప్పాలి. మీరే గ్రూపులో చేరితే లాగ్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, అప్పటిదాకా పాత అనుమతులే నడుస్తాయి.

నమస్కారం.