అన్నీ ఒకే వేగంతో వినకండి: చరిత్ర, తత్వం, మతం ఆడియోబుక్స్

నమస్కారం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం ఒకటిన్నరకి పెంచేసి, చరిత్ర పుస్తకమైనా ఉపనిషత్తైనా ఒకే ఊపులో వినేసేవాళ్ల కోసం ఈ వీడియో. 10 గంటల పుస్తకం ఒకటిన్నర వేగంలో 6 గంటల 40 నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. వారం పోయాక "ఏం విన్నారండీ?" అంటే మాత్రం చెప్పడానికి నాలుగు ముక్కలు దొరకవు. అది మీ జ్ఞాపకశక్తి తప్పు కాదు. చరిత్ర, తత్వం, మతం మన చెవికి మూడు వేర్వేరు పనులు చెబుతాయి. దేన్ని ఎక్కడ వినాలి, ఎంత వేగంతో, ఎంతసేపు అన్నది ప్లే నొక్కకముందే తేల్చుకోవాలి.

ముందు ఫోన్ సర్దుకుందాం. ఇది రెండు నిమిషాల పని.

(స్క్రీన్ మీద: ఫోన్‌లో ఫైళ్ల ఫోల్డర్)

ఇంగ్లీషులో వినేవాళ్లకి లిబ్రివాక్స్ మంచి చోటు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలని 2005 నుంచీ వాలంటీర్లు చదివి ఉచితంగా పెడుతున్నారు. అక్కడ ఫైళ్లు 64 కేబీపీఎస్‌లోనూ 128 కేబీపీఎస్‌లోనూ దొరుకుతాయి. కేబీపీఎస్ అంటే సెకనుకి ఎంత డేటా అన్న లెక్క, అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది. 64లో గంటకి సుమారు 29 ఎంబీ, 128లో దానికి రెట్టింపు. ఉత్త మాటలకి 64 చాలు. పద్యం, శ్లోకం, వెనక తంబురా ఉన్నవి మాత్రం 128లో తీసుకోండి. తక్కువ నాణ్యతలో "స"లూ "శ"లూ కలిసిపోయినట్టు వినిపిస్తాయి.

స్ట్రీమింగ్‌ని నమ్ముకోకండి. విశాఖ నుంచి అరకు పాసింజర్ ఎక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, వినడానికి భలే సమయం. కానీ ఆ కిరండూల్ లైన్లో 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగంలో సిగ్నల్ పోతుంది, ఆడియో ఆగుతుంది, అప్పటిదాకా నడిచిన వాదన మనసులోంచి జారిపోతుంది. ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇంకొకటి, చాలామందిని ఏడిపించేది ఇదే. వాట్సాప్‌లో వచ్చిన ప్రవచనాల ఫైళ్లకి "భాగం 1, భాగం 2... భాగం 10" అని పేర్లుంటాయి. కొన్ని ప్లేయర్లు వాటిని అక్షర క్రమంలో పేరుస్తాయి. దాంతో 1 తర్వాత 10, ఆ తర్వాత 11, చివరికెప్పుడో 2 వస్తుంది. మీరేమో స్వామివారు కథ మధ్యలో ఎక్కడికో వెళ్లిపోయారనుకుంటారు. 001, 002, 010 అని మూడంకెల్లో పేర్లు మార్చి, పుస్తకానికో ఫోల్డర్ పెట్టండి. గొడవ తీరిపోతుంది.

ప్లేయర్‌గా వీఎల్‌సీ సరిపోతుంది. ప్లే అవుతున్న స్క్రీన్‌లోని మెనూలో వేగం, స్లీప్ టైమర్, బుక్‌మార్క్స్ ఉంటాయి. పడుకునే ముందు వినేవాళ్లు టైమర్ 15 నిమిషాలకి పెట్టండి, 60కి వద్దు. నిద్రపట్టాక నడిచిన ముప్పావుగంటని మర్నాడు ఎక్కడినుంచి వెతుక్కుంటారు? కొన్ని యాప్‌ల్లో నిశ్శబ్దాలని కత్తిరించే సదుపాయం ఉంటుంది. తత్వానికీ పద్యానికీ దాన్ని ఆపేయండి. చదివేవారు ఆగిన చోటే మీకు ఆలోచించుకునే జాగా.

ఇక పుస్తకం ఎంచుకోవడం. శాంపిల్ వినేటప్పుడు మొదటి నిమిషం విని మోసపోకండి. ముందుమాట అందరూ బాగానే చదువుతారు. శాంపిల్ చివరికి జరిపి, వీలుంటే మధ్య అధ్యాయానికి వెళ్లి, రెండు నిమిషాలు వినండి. అక్కడ మూడు చూడాలి: కొత్త పేరుని తడబడకుండా పలుకుతున్నారా, ఎవరిదో మాటని ఉటంకించినప్పుడు గొంతులో చిన్న తేడా తెలుస్తోందా, పెద్ద వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి ఆగిపోయి అర్థం విరిగిపోతోందా. తెలుగైతే ఇంకో పరీక్ష ఉంది. ణ, ళ, శ, ష పలికే తీరు వినండి. "బాణం", "కళ" సరిగా పలకనివాళ్లు శ్లోకం దగ్గర నిలబడలేరు. "సంక్షిప్తం" అని ఎక్కడైనా రాసి ఉందేమో కూడా చూసుకోండి. తత్వాన్ని సంక్షిప్తంగా వినడం దండగ. వాదనలోంచి మెట్లు తీసేస్తే మిగిలేది తీర్మానాలే.

యంత్రం చదివిన తెలుగు ఆడియో ఇప్పుడు చాలా వస్తోంది. వార్తకి పనికొస్తుంది గానీ ఈ మూడింటికీ మేం సిఫార్సు చేయం. "క్రీ.శ."ని రెండు అక్షరాలుగా పొడిపొడిగా చదువుతుంది, సంధి కలిసిన మాటని తప్పుచోట విరుస్తుంది, శ్లోకాన్ని వచనంలా పరిగెత్తిస్తుంది. ప్రశ్నకీ వెటకారానికీ తేడా దానికి తెలియదు.

ఇప్పుడు చరిత్ర. నడుస్తూ వినదగ్గది ఇదొక్కటే. పొద్దున ఆర్కే బీచ్ రోడ్డు మీద నడకకి, గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సుకి చక్కగా సరిపోతుంది. కథనంలాగా సాగే చరిత్రకి 1.25 వేగం ఫర్వాలేదు. పేర్లు గుంపుగా వచ్చే అధ్యాయానికి మళ్లీ 1కి దించండి.

చరిత్ర ఆడియోలో ముందు దెబ్బతినేది పటం, వంశవృక్షం. అచ్చుపుస్తకంలో వేలు పెట్టి వెనక్కి తిప్పుకుంటాం, చెవికి ఆ వీలు లేదు. అందుకని అధ్యాయం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఐదారు పేర్లు రాసి జేబులో పెట్టుకోండి. మన ప్రాంతం చరిత్రే తీసుకోండి. రాజరాజ చోళుడు వేరు, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు వేరు. ఈ రెండో ఆయన కొడుకే చోళ సింహాసనం ఎక్కిన మొదటి కులోత్తుంగుడు. సింహాచలంలో 11వ శతాబ్దం చివరినాటి శాసనం ఆ కులోత్తుంగుడి కాలానిదే. వింటూ పోతే ముగ్గురూ ఒకరిలోకి ఒకరు కలిసిపోతారు. కాగితం మీద తండ్రి, కొడుకు, ఊరు అని మూడు గీతలు గీసుకుంటే చాలు. పటాలు కావాలంటే అదే పుస్తకం అచ్చుప్రతిని ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. దొరికితే ఆ ఒక్క పేజీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

క్రీస్తు పూర్వం లెక్కలు చెవిని తికమక పెడతాయి. "క్రీ.పూ. మూడో శతాబ్దం" అని వినగానే మనసు 300 తర్వాత అనుకుంటుంది. నిజానికి అది 300 నుంచి 201 దాకా, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి దిగుతూ వస్తుంది. మొదటి వారం ఈ ఒక్కటీ మనసులో తిప్పుకుంటూ వినండి.

అన్నిటికంటే ముఖ్యమైంది, శాసనం చెప్పిన మాట ఏది, రచయిత ఊహ ఏది అన్నది. కళింగ యుద్ధం అధ్యాయం వింటున్నారనుకోండి. లక్షమందిని చంపారు, లక్షన్నర మందిని తరలించారు అన్న మాట అశోకుడి 13వ శిలాశాసనంలోది, రాజు స్వయంగా చెప్పుకున్న లెక్క. "ఆ రాత్రి యుద్ధభూమిలో నడుస్తూ ఆయన కంటతడి పెట్టాడు" అని వినిపిస్తే అది రచయిత అల్లిక. ఇంకో వివరం చూడండి. కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ శిలల మీద ఈ 13వ శాసనం చెక్కించలేదు. దాని చోట స్థానిక అధికారులకి వేరే ఆదేశాలు చెక్కించారు. ఓడిన నేల మీద ఆ పశ్చాత్తాపం మాట ఎందుకు లేదు? మంచి పుస్తకమైతే ఇక్కడ ఆగి మాట్లాడుతుంది. అలా ఆగని పుస్తకాన్ని కథగా విని వదిలేయండి. తేడా పట్టడానికి చిట్కా ఇది: "శాసనం ప్రకారం", "ఫలానా యాత్రికుడు రాశాడు" లాంటి మాట వినిపించిన ప్రతిచోటా బుక్‌మార్క్ కొట్టండి. గంటకి ఒక్క బుక్‌మార్క్ కూడా పడలేదంటే పుస్తకం ఆధారాలు చూపించట్లేదని లెక్క.

బౌద్ధం మీద అధ్యాయాలు విన్నాక భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కి రండి, లేదా అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండకి వెళ్లండి. స్తూపం (గుమ్మటంలాంటి పవిత్ర కట్టడం), చైత్యం (ప్రార్థన చేసే చోటు), విహారం (భిక్షువులు ఉండే చోటు) అనే మూడు మాటలు చెవిలో ఎన్నిసార్లు పడినా కలగాపులగంగానే ఉంటాయి. ఒక్కసారి చూస్తే ఇక చెదరవు. బీచ్ రోడ్డులో గాలి హోరుకి వాల్యూమ్ పెంచకండి. చెవిలోకి బిగుతుగా పట్టే రబ్బరు టిప్ మార్చుకుంటే అదే వాల్యూమ్‌లో మాట తేటగా వినిపిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండో చెవి ఖాళీగా ఉండాలి.

ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతనంతో మొదలుపెడదామా అని అడుగుతుంటారు. వద్దండీ. 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా వచ్చిన పుస్తకం, 71 అధ్యాయాలు, ఆడియో వంద గంటలు దాటుతుంది. సగం రుచి అధోజ్ఞాపికల్లో, అంటే పేజీ అడుగున ఇచ్చే వివరణల్లో ఉంటుంది, ఆడియోలో ముందు కోతపడేవి అవే. పదీ పన్నెండు గంటల పుస్తకాలు మూడు పూర్తిచేశాక అప్పుడు చూడండి.

తత్వానికి వద్దాం. ఇక్కడ కూర్చోవాలి. నడక వద్దు, బస్సు వద్దు, వంటిల్లు అసలే వద్దు. వేగం 1, కొందరికి 0.9 ఇంకా హాయి. ఒక్కో విడత 20 నిమిషాలు మించకూడదు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు తన భార్య మైత్రేయికి చెప్పింది శ్రవణం, మననం, నిదిధ్యాసనం, అంటే వినడం, విన్నదాన్ని ఆలోచించడం, దానిమీదే మనసు నిలపడం. మనం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నాం. 20 నిమిషాలు విన్నాక 10 నిమిషాలు ఆపి ఉంచండి. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో ఒక ఉదాహరణతో చూపిస్తాం.

(స్క్రీన్ మీద: యూతిఫ్రో, ప్లేటో)

ప్లేటో రాసిన యూతిఫ్రో చిన్న సంభాషణ, ఆడియోలో గంటలోపే అయిపోతుంది. సోక్రటీస్ తన మీద పడిన కేసు పనిమీద న్యాయస్థానం దగ్గరికి వస్తాడు. యూతిఫ్రో తన తండ్రి మీదే హత్యానేరం మోపడానికి వచ్చి ఉంటాడు. ధర్మం అంటే నాకు తెలుసు అంటాడతను. సరే, ధర్మం అంటే ఏమిటో చెప్పు అంటాడు సోక్రటీస్. దేవతలకి ఇష్టమైనదే ధర్మం అని జవాబు. అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న. ఇంగ్లీషు అనువాదంలో అది మెలికలు తిరిగిన వాక్యం, పది సెకన్లలో చెవి పక్కనుంచి వెళ్లిపోతుంది. అక్కడ పాజ్ నొక్కండి. 30 సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ వినండి. ఇప్పుడు దాన్ని మీ ఇంటి తెలుగులో పైకి అనండి: "మంచిది కాబట్టి దేవుడికి ఇష్టమా, దేవుడికి ఇష్టం కాబట్టి మంచిదా?"

పైకి అన్నాక రెండు వైపులా ఒక్కో అడుగు వేసి చూడండి. మొదటిదైతే, మంచి అనేది దేవుడి ఇష్టంతో పనిలేకుండా ముందే ఉండాలి. రెండోదైతే, ఆయన ఇష్టం మారితే మంచీ మారిపోవాలి. ఈ రెండు వాక్యాలూ మీ నోటితో మీరు చెప్పగలిగితేనే తర్వాతి భాగం నొక్కండి. చెప్పలేకపోతే ముందుకెళ్లకండి, వెనక్కే వెళ్లండి. తత్వంలో ఒక మెట్టు తప్పితే పై మెట్లన్నీ గాల్లో ఉంటాయి.

సంభాషణలకి ఇంకో చిక్కుంది. ఒకే గొంతు ఇద్దరినీ చదివితే ఎవరు అడుగుతున్నారో ఎవరు ఒప్పుకుంటున్నారో తెలియదు. ఇద్దరు పాఠకులు చదివిన ప్రతి ఉంటే అదే తీసుకోండి. గొంతు అంత గొప్పగా లేకపోయినా సరే.

రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ ఆత్మచింతనలది వేరే కథ. 12 భాగాలు, తనకోసం తాను రాసుకున్న ముక్కలు. ఏకబిగిన వింటే చెప్పిందే చెబుతున్నట్టుంటుంది. మొదటి భాగం అంతా తనకి మేలు చేసినవాళ్లకి కృతజ్ఞతలే. కొత్తవాళ్లు చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు. రెండో భాగంతో మొదలుపెట్టి, మొదటిది చివర్లో వినండి. అప్పటికి ఆ పేర్ల వెనకున్న మనిషి మీకు పరిచయమై ఉంటాడు. ఉచితంగా దొరికే జార్జ్ లాంగ్ అనువాదం 1862 నాటిది, చెవికి బరువైన ఇంగ్లీషు. కొనగలిగితే ఇటీవలి అనువాదం తీసుకోండి.

మతగ్రంథాల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే, నాలుగు పొరల్ని ఒకటనుకోవడం. మూలం, తాత్పర్యం, వ్యాఖ్యానం, ప్రవచనం. ఘంటసాల గారి భగవద్గీత ఇంటింటా మోగింది, మోగుతోంది. కానీ 700 శ్లోకాల్లో అందులో ఉన్నవి వందకి కాస్త అటూ ఇటూ, తాత్పర్యంతో. ఆ గొంతుకి చేతులెత్తి మొక్కుదాం. దాంతో గీత మొత్తం విన్నాం అనుకోవద్దు. ప్రవచనంలో చెప్పే పిట్టకథ మూలంలో ఉందా లేదా అన్నది కూడా అలాగే చూసుకోవాలి.

ఖురాన్ వినేవాళ్లు పారాయణం, అనువాదం వేర్వేరు ఫైళ్లుగా పెట్టుకోండి. 114 అధ్యాయాలూ అవతరించిన కాలక్రమంలో ఉండవు, ఎక్కువగా పెద్దవి ముందు వస్తాయి. కథలా మొదటినుంచి సాగుతుందనుకుంటే దారి తప్పుతారు. బౌద్ధుల ధమ్మపదం 26 వర్గాలు (అధ్యాయాలు), 423 గాథలు (పద్యాలు). రోజుకో వర్గం చాలు, మించితే సూక్తుల వర్షమే.

ఇక గీతతో ఈ వారం చేయదగ్గ పని. రెండో అధ్యాయంలో 54వ శ్లోకం నుంచి 72 దాకా, స్థితప్రజ్ఞుడి, అంటే మనసు చలించకుండా నిలిచినవాడి లక్షణాలు, మొత్తం 19 శ్లోకాలు. మూలం నాలుగైదు నిమిషాలు ఉంటుంది. మొదటిరోజు మూలం ఒక్కటే రెండుసార్లు వినండి, అర్థం కోసం తడుముకోకండి. రెండోరోజు తాత్పర్యంతో. మూడోరోజు ఒక వ్యాఖ్యానం, అది శంకరులదో రామానుజులదో మధ్వాచార్యులదో ముందే తెలుసుకుని వినండి. ఎవరి సిద్ధాంతం వాళ్లది కాబట్టి అర్థాలు తేడా వస్తాయి. నాలుగోరోజు మళ్లీ మూలం. 54వ శ్లోకంలో అర్జునుడు అడిగేది చాలా మామూలు ప్రశ్న: అలాంటి మనిషి ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు? కాగితం మీద ఆ మూడూ రాసుకుని, దేనికి జవాబు ఎన్నో శ్లోకంలో వస్తోందో పక్కన అంకె వేసుకుంటూ వినండి. మీకు తేలిన అంకెలు కింద కామెంట్లలో పెట్టండి.