పాత కారుకి టోటల్ లాస్ రాసేశారు: మా స్విఫ్ట్ క్లెయిమ్ రివ్యూ

నమస్కారమండీ. ఇవాళ కొత్త కారు రివ్యూ కాదు. నా వెనకాల ఉందే, మా 2013 స్విఫ్ట్ డీజిల్, దీన్ని ఇన్సూరెన్స్ వాళ్ళు తుక్కు కింద కట్టేశారు. ఉండండి, ఓసారి సెల్ఫ్ కొడతాను... విన్నారుగా? ఈ తుక్కు సంగతే ఇవాళ్టి వీడియో.

భోగి ముందు రోజు కొత్తపేట నుంచి రావులపాలెం వస్తున్నాం. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ. సైడిద్దామని దిగితే మన్ను జారి, బండి ఎడం మూల పోయి కొబ్బరి చెట్టుకి కొట్టుకుంది. మనుషులకి ఏం కాలేదండి. కాలవలోకీ వెళ్ళలేదు. నీళ్ళు తాగిన ఇంజిన్‌కి తాళం తిప్పారో, అది వేరే రామాయణం, ఇంకో వీడియోలో చెప్పుకుందాం.

షోరూమ్ ఎస్టిమేట్ 1,38,000. మా పాలసీలో ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ, 1,60,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే బాగు చెయ్యడం దండగని బండిని తుక్కు లెక్కలో వేస్తారు. మాకు ఆ గీత 1,20,000 దగ్గరుంది. "దాటిపోయిందండి, 1,59,000 ఇస్తాం, బండి వదిలెయ్యండి" అన్నాడు సర్వేయరు, అంటే నష్టం లెక్క కట్టడానికి వచ్చినాయన. ఆ తగ్గిన వెయ్యీ చిన్న కార్లకి ఎలాగూ కోసేదే.

మా బాబాయ్ ఫోన్ లాక్కుని "మన బండి తుక్కని చెప్పడానికి ఆడెవడ్రా" అని ఓ అరగంట అరిచాడు. రూపాయి కదల్లేదు.

రాత్రి కూర్చుని పాలసీ కాగితం చదివాను. ఆ 75 శాతం దగ్గర రిపేరు ఖర్చు "పాలసీ షరతులకి లోబడి" అని ఉంది. నా పాయింటంతా ఆ మాట మీదే. పదేళ్ళు దాటిన బండికి, జీరో డెప్ (తరుగుదల కొయ్యకుండా ఉండే అదనపు కవర్) లేకపోతే, ఇనప పార్టుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరుకి ఎప్పుడూ సగమే. మా ఎస్టిమేట్‌లో పార్టులు 1,06,000, మిగతా 32,000 కూలి. పార్టుల్లో సగం ఎలాగూ నా జేబులోంచే పోతుంది కదండీ? అంటే పాలసీ మీద పడే ఖర్చు 85,000. గీత ఇంకా ఎంతో దూరంలో ఉంది!

ముందు సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకున్నాను. ఈ లెక్కంతా ఒక్క పేజీలో రాసి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టాను. నెల్లోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, కంపెనీతో మన తగాదా తీర్చే అధికారి. ఫీజు లేదు, లాయరక్కర్లేదు. మన జిల్లాలకీ యానాం వాళ్ళకీ ఆ ఆఫీసే. నాకు అంతదాకా వెళ్ళే పని పడలేదు.

మధ్యలో ఇంకో బేరం పెట్టారు. తుక్కు వ్యాపారి 60,000 కోట్ చేశాడు, అది తీసేసి 99,000 మీకిస్తాం, బండీ మీరే ఉంచుకోండని. వినడానికి బెల్లం ముక్కలా ఉంది. కానీ ఆర్‌సీ సరెండర్ చెయ్యాలట. ఆర్‌సీ లేని కారు పెరట్లో కోళ్ళు పడుకోడానికి తప్ప ఎందుకండీ?

చివరికి రిపేరుకి ఒప్పుకున్నారు. వైరింగ్ పాతదని కొంత కోసి 78,500 ఇచ్చారు. నా చేతి చమురు 59,500. తక్కువేం కాదు. కానీ ఇలాంటి బండి అమలాపురంలో రెండున్నర లక్షలకి తక్కువ దొరకట్లేదు. వాళ్ళిచ్చే 1,59,000కి ఇంకో 91,000 వేస్తేగానీ ఇంకోటి రాదు. అదే మీ బండికి బయట కూడా ఐడీవీ అంతే పలుకుతుంటే గొడవ పడకండి, డబ్బు తీసుకోండి.

తప్పు నాది కూడా ఉంది. అయిదేళ్ళు దాటాక ఐడీవీ మనమూ కంపెనీ ఒప్పుకునే అంకె. రెన్యువల్‌లో ప్రీమియం తగ్గుతుందని ఫోన్లో దాన్ని కిందకి లాగింది నేనే. ఈసారి 2,40,000 పెట్టించాను.

క్లెయిమ్‌కి నా మార్కులు అయిదుకి రెండున్నర. మెకానిక్‌కి నాలుగు. ఇటు రండి, చూపిస్తాను... ఎడం హెడ్‌లైట్ కొత్తది, తెల్లగా మెరుస్తోంది. కుడిది 2013దే, పసుపెక్కిపోయింది. రాత్రి పూట మా ఊరి గేటు దగ్గర వాచ్‌మన్ దీన్నిబట్టే గుర్తుపట్టి గేటు తీస్తున్నాడు.