ఆగలేనివాడే సుంకం కడతాడు

(శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో రైతులు, జీడి వ్యాపారులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పలాస జీడి వ్యాపారులు ఉన్నారు. వాళ్ళ వెనక ఉద్దానం రైతులు, కిటికీల పక్కన డిగ్రీ చదివే పిల్లలు. అందరికంటే వెనక, ఫ్యాక్టరీలో పని దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన అమ్మలు. దిగుమతి సుంకాల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మ చేతులు.

మా అమ్మ పదిహేనేళ్ళు జీడి పిక్కలు కొట్టింది. పిక్క పగిలేటప్పుడు చిమ్మే సొన చర్మం మీద పడితే ఎలా కాలుతుందో మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చునేది. ఎంత రాసుకున్నా, రాత్రి మాకు అన్నం కలిపి పెడుతుంటే ఆ వేళ్ళ చివర్లు నల్లగా, పొరలు లేచి కనపడేవి. ఒక ఏడాది పిక్కలు దొరకడం లేదని ఆమె పనిచేసే చోట మూడు నెలలు పని ఆపేశారు. ఆ మూడు నెలల్లో చేతులు కాస్త తెల్లబడ్డాయి. ఇంట్లో మాత్రం బియ్యం డబ్బా అడుగంటింది. పిక్క ఎక్కడి నుంచి వస్తుంది, దాని మీద ఎవరు ఎంత పన్ను వేస్తారు అన్నది మా ఇంటి సంగతి అని నాకు అప్పుడే తెలిసింది.

సుంకం అంటే కొత్తదేమీ కాదు. మన సంతల్లో కట్టే ఆశీలు లాంటిదే. వంకాయల తట్ట దించిన ముసలమ్మ దగ్గర ఆశీలు వసూలు చేసేవాడు పది రూపాయలు తీసుకుంటాడు. డబ్బు ఆమె చేతిలోంచే వెళ్ళింది. కానీ భారం ఎవరిది? పొద్దున్నే అయితే, కాయలు నిగనిగలాడుతుంటే, ఆ పది రూపాయలూ ఆమె ధరలో కలిపేస్తుంది. కొనేవాళ్ళు కడతారు. సాయంత్రం ఆఖరి బస్సు వేళకి కాయలు వాడిపోతుంటే ఆమె కలపలేదు, ఎంతకో కొంతకి ఇచ్చేసి పోవాలి. అప్పుడు ఆ పది ఆమె కూలిలోంచి పోయినట్టే. మనిషి అదే, ఆశీలు అదే. పొద్దున ఒకరు కట్టారు, సాయంత్రం ఇంకొకరు కట్టారు.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. సుంకం కాగితం మీద ఎవరి పేరున పడినా, చివరికి కట్టేది ఆగలేనివాడే.

ముందు మన జీడి లెక్క చూద్దాం. 2016 బడ్జెట్‌లో కేంద్రం విదేశీ పచ్చి పిక్కల మీద 5 శాతం సుంకం వేసింది. అంతకు ముందు సున్నా. ఫ్యాక్టరీలు గోల పెడితే 2018లో దాన్ని 2.5కి తగ్గించారు. చిన్న అంకెలా కనిపిస్తుంది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన 80 కిలోల బస్తా రేవులో 12,000 రూపాయలు పడిందనుకోండి. ఇది లెక్క కోసం నేను వేసుకున్న ధర. 5 శాతం అంటే బస్తాకు 600. ఆ బస్తాలో పప్పు 21 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది. అంటే కిలో పప్పు మీద 28 రూపాయల పైచిలుకు. 2.5 శాతం అయితే 14. పెళ్ళికి కిలో జీడిపప్పు కొనేవాళ్ళకి 14 రూపాయలు పెద్దగా తెలియదు. ఫ్యాక్టరీ నడిపేవాడికి ఒక్కోసారి కిలోకి మిగిలేదే అంత.

ఇంకో సంగతి ఉంది, బయటివాళ్ళు దీన్ని పట్టించుకోరు. సుంకం పప్పు అమ్మాక కట్టేది కాదు. సరుకు రేవు దాటకముందే కట్టాలి. ఆ తర్వాత బస్తా పలాస చేరాలి, పిక్కలు ఎండాలి, ఉడకాలి, కొట్టాలి, బోర్మా అనే వేడిగదిలో ఆరాలి, పొట్టు తీయాలి, గుండు, బద్ద, ముక్క అని వేరు చేయాలి. డబ్బాలకెక్కి డబ్బు తిరిగొచ్చేసరికి నెలలు. అన్నాళ్ళూ ఆ సుంకం డబ్బుకి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పెద్ద వ్యాపారికి బ్యాంకు వడ్డీ. నాలుగు మెషీన్లతో నడిపే చిన్నవాడికి బయటి వడ్డీ. సుంకం ఇద్దరికీ ఒకటే, దాని బరువు మాత్రం ఒకటి కాదు.

ఇక్కడ రైతులు లేచి నన్ను అడగాలి, అడుగుతారు కూడా. "అయితే సుంకం ఎత్తేయమంటారా? విదేశీ పిక్కలు వచ్చి పడబట్టే కదా మా బస్తాకి రేటు లేదు?" న్యాయమైన ప్రశ్న. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ పలాస దగ్గరే తీరం దాటింది. తండ్రులు నాటిన చెట్లు ఒక్క తెల్లవారుజామున వేళ్ళతో సహా పడిపోయాయి. జీడి మొక్క పెట్టిన ఏడాదే కాసేది కాదు. చెట్లు పోయిన రైతు మిగిలిన నాలుగు పిక్కలకి బస్తాకి 16,000 ధర అడిగాడంటే అది అత్యాశ కాదు. అదే సమయంలో ఇక్కడి పంట ఇక్కడి ఫ్యాక్టరీలకి ఏడాది పొడుగునా సరిపోదు. పిక్కలు బయటి నుంచి రాకపోతే, మా అమ్మకి పని ఆగినట్టే ఈ వెనక కూర్చున్న అమ్మలకీ ఆగుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, వ్యాపారులకీ రైతులకీ పూర్తిగా నచ్చకపోవచ్చు. పచ్చి పిక్కల మీద సుంకం రైతుని కాపాడే సరైన దారి కాదు. ఆ డబ్బు ఢిల్లీ ఖజానాకి పోతుంది, రైతు చేతికి రాదు. రైతుకి కావలసింది పంట దిగిన వారాల్లో పిక్కలు దాచుకునే గోదాము, దాని మీద తక్కువ వడ్డీ అప్పు, మద్దతు ధరకి కొనేవాడు. అంటే ఆగగలిగే శక్తి. మరోవైపు, ఒలిచిన పప్పు దిగుమతి మీద 2019లో సుంకం 45 నుంచి 70 శాతానికి పెంచారు. దాన్ని నేను సమర్థిస్తాను. జీడిపప్పు ఎగుమతిలో వియత్నాంది మొదటి స్థానం, అక్కడ పని చాలావరకు యంత్రాలతో జరుగుతుంది. ఆ పప్పు అడ్డూ అదుపూ లేకుండా వస్తే ఇక్కడ వేల మంది ఆడవాళ్ళ కూలి పోతుంది. దానికి బదులు దేశంలో జీడిపప్పు తినేవాళ్ళు కాస్త ఎక్కువ ధర కడుతున్నారు. ఆ మాట దాచకూడదు.

జీడిపప్పు లేకపోతే పాయసం ఆగదు. నూనె అలా కాదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. రేవులో కిలో వంద రూపాయలు అనుకుంటే ఒక్కసారిగా 22 రూపాయలు. సరిగ్గా దసరాకి నెల ముందు. అప్పటికి తక్కువ సుంకంతో వచ్చిన నూనె దేశంలో దాదాపు 30 లక్షల టన్నులు ఉంది, 45 నుంచి 50 రోజులకి సరిపోయే సరుకు. అది అయిపోయేదాకా ధర పెంచవద్దని ప్రభుత్వమే కంపెనీలకి చెప్పింది. మా వీధి కొట్టులో మాత్రం ఆ వారమే రేటు మారింది. అడిగితే "పైనుంచి పెంచేశారు మాస్టారూ" అన్నాడు కొట్టతను. అతని తప్పేమీ లేదు, రేపటి ప్యాకెట్ కొనడానికి అతనికీ డబ్బు కావాలి కదా.

మా పక్కింటావిడ సాయంత్రం పూట బజ్జీల బండి పెడుతుంది. ఆవిడ బజ్జీ ధర పెంచలేదు, పెంచితే కొనేవాళ్ళు పక్క బండికి పోతారు. బజ్జీ చిన్నదైంది. నూనె ఇంకో పూట ఎక్కువ కాగింది. సుంకం పెరిగితే ధర పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ధర పెరగని చోట ఏం జరుగుతుందో ఆ బాణలిలో చూశాను. 2025 మే చివర్లో ముడి నూనెల మీద సుంకం 16.5కి తగ్గించారు. బజ్జీ మళ్ళీ పాత సైజుకి రాలేదు.

నూనెగింజల రైతుకి మంచి ధర రావాలనే ఆ సుంకం వేశామన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఏడాది తిరగకముందే తగ్గే సుంకాన్ని నమ్ముకుని ఏ రైతు పంట మారుస్తాడు? పామాయిల్ తోట వేసినవాడు కాపు కోసం నాలుగేళ్ళు చూడాలి.

ఇక రొయ్య. పూసపాటిరేగ నుంచి సంతబొమ్మాళి దాకా తీరమంతా వనామీ రకం రొయ్యల చెరువులు ఉన్నాయి. మన రొయ్యకి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 7న ఆ దేశం మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, ఆగస్టు 27 నుంచి దాన్ని 50 చేసింది. రొయ్యకి అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకి తెచ్చి కుమ్మరిస్తున్నారని వేసే అదనపు పన్ను, వగైరా వేరే. అదే రొయ్య పండించే ఈక్వడార్‌కి అప్పట్లో 15 శాతమే. ఆ తర్వాత రేట్లు, ఒప్పందాలు మారుతూ వచ్చాయి కానీ ఆ సీజన్ దెబ్బ మాత్రం పడిపోయింది.

అప్పట్లో ఒక చెరువు గట్టు మీద ఓ రైతు నన్ను అడిగాడు: "ఏటి మాస్టారూ, సుంకం అక్కడోలు కదా కట్టాలి, మరి మా కౌంటు రేటు ఏల పడిపోనాది?" కౌంటు రేటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చూసి రొయ్యకి ఇచ్చే ధర. అతని మాట నిజమే. అమెరికా రేవులో ఆ పన్ను కట్టేది అమెరికా వ్యాపారే. కానీ ఆ వ్యాపారి ఈక్వడార్ వైపు తిరగగలడు, వేరే సరుకు అమ్ముకోగలడు. మన ఎగుమతిదారు కోల్డ్ స్టోరేజీలో కొన్నాళ్ళు దాచగలడు. చెరువులో రొయ్య ఆగదు. పట్టుబడికి వచ్చాక ప్రతి రోజూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి. మబ్బు పట్టిన రాత్రి ఆక్సిజన్ తగ్గితే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుందన్న టెన్షన్. అందుకే కొనేవాడు చెప్పిన రేటుకి ఆ రైతు తల ఊపాడు. అమెరికాలో కొనుక్కు తినేవాళ్ళు కొంత కట్టారు, గట్టు మీద నిలబడ్డ ఇతనూ కొంత కట్టాడు.

ఇప్పుడు ప్రభుత్వ అప్పు సంగతి. సుంకాలు వేసి దేశం అప్పు తీర్చేస్తామన్న మాట అమెరికా నుంచి చాలాసార్లు విన్నాం. ఆ దేశపు లెక్కే చూడండి. 2025 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సుంకాల ఆదాయం రెండింతలు దాటి దాదాపు 19,500 కోట్ల డాలర్లయింది. చాలా పెద్ద మొత్తమే. కానీ అదే ఏడాది లోటు, అంటే రాబడికి మించిన ఖర్చు, సుమారు 1,78,000 కోట్ల డాలర్లు. మొత్తం అప్పు ఆ అక్టోబరులో 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఏరు పొంగుతుంటే చెంబుతో తోడినట్టుంది. అప్పు తీరడం కాదు కదా, ఆ ఏటి లోటే పూడలేదు.

మన లెక్క అంతకంటే నేర్పుతుంది. 1990-91లో కేంద్రం పన్నుల ఆదాయంలో మూడో వంతుకు పైగా కస్టమ్స్ సుంకాలే. కొన్ని సరుకుల మీద 300 శాతం దాటి ఉండేవి. అంత సుంకం ఉన్న దేశమే 1991లో అప్పుల వాళ్ళకి కట్టడానికి విదేశీ డబ్బు లేక బంగారం తాకట్టు పెట్టింది. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా ఆ జూలైలో మన్మోహన్ సింగ్ గారు పెట్టిన బడ్జెట్ గరిష్ఠ సుంకాన్ని 150 శాతానికి దించింది. 2025-26 బడ్జెట్ చూస్తే, కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో కస్టమ్స్ వాటా 4 పైసలు. అప్పు తెచ్చేది 24 పైసలు. పోయే రూపాయిలో వడ్డీకే 20 పైసలు. నాలుగు పైసలని ఆరు చేసినా ఆ ఇరవై పైసల వడ్డీ కదలదు.

డిగ్రీ పిల్లలు ఒక్కటి రాసుకోండి. ఖజానా నిండాలంటే విదేశీ సరుకు రావాలి. మన మిల్లు బతకాలంటే ఆ సరుకు రాకూడదు. ఒకే సుంకంతో రెండూ చేస్తామనడం అవ్వా కావాలి, బువ్వా కావాలి అనడమే. విజయనగరం జిల్లా గోగునార రైతులకి ఇది అనుభవమే. బంగ్లాదేశ్, నేపాల్ జనపనార సరుకు మీద 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం వేశారు, 2022 చివర్లో పొడిగించారు. అయినా గోగునార కొనే ఇక్కడి జనపనార మిల్లుల్లో లాకౌట్లు ఆగలేదు. గోగు ఊరబెట్టడానికి చెరువులో నీళ్ళు, పీచు తీయడానికి కూలీలు, సంచి అడిగేవాళ్ళు ఉండాలి కదా. సుంకం వాటిని తేలేదు.

నేను ఇంకా మాట్లాడగలను, కానీ గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. ప్రశ్నలు తీసుకుందాం. ముందు వరుస పెద్దలు మన్నించాలి, మొదట వెనక కూర్చున్న అమ్మలను అడగనిద్దాం. మందస వైపు వెళ్ళే వాళ్ళ ఆటో ఏడింటికి ఆగదు.