కాన్పైంది, షుగర్ పోయిందా? ఆరో వారం పరీక్ష ఎట్లా చేయించుకోవాలి

[తెరపై: పాప టీకా కార్డు. ఆరు వారాల గడి మీద తల్లి వేలు.]

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. కాన్పైన మర్నాడు చూస్తే మామూలుగా ఉంది. "ఇంకేంది, పోయింది" అంటరు ఇంట్లో. చాలామందికి తగ్గే మాట నిజమే. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. మాయ బయటికొస్తే ఆ అడ్డు పోతుంది. కానీ ఆ భారాన్ని ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మోయలేకపోయిందని తేలింది కదా, అది మరచిపోవద్దు. ఇలాంటి తల్లులకు ముందుముందు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు 10 రెట్లు ఎక్కువ.

[తెరపై: గ్లాసు, గ్లూకోజు పొడి, గోడ గడియారం.]

కాన్పైన 6 వారాలకు, 12 వారాలు దాటకుండా ఓజీటీటీ, అంటే గ్లూకోజు తాగించి రక్తంలో షుగర్ చూసే పరీక్ష, చేయించుకోండి. గర్భంలో చాలాచోట్ల తిన్నాక కూడా గ్లూకోజు తాగించి చూస్తారు. ఇది అట్ల కాదు, పరగడుపున రావాలి. కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టొద్దు, చాయ్ కూడా. ముందు ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. మొదటి గుక్క నుంచి సరిగ్గా 2 గంటలకు మళ్లీ రక్తం. అప్పటిదాకా అక్కడే కూర్చోండి, బిడ్డకు పాలివ్వొచ్చు. మధ్యలో వాంతైతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకోరోజు చేయించాలి.

[తెరపై: అంకెలు.]

పరగడుపున 126 లేదా ఆపైన ఉన్నా, 2 గంటలకు 200 లేదా ఆపైన ఉన్నా షుగర్ కిందే లెక్క. లక్షణాలేమీ లేకుంటే, ఒక్క అంకె మాత్రమే ఎక్కువుంటే మళ్లీ పరీక్షతో ఖాయం చేస్తారు. 2 గంటలకు 140 నుంచి 199 ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు. పరగడుపున 92, రెండు గంటలకు 168 వచ్చిందనుకోండి: పరగడుపుది ఒక్కటే చేయించుకుంటే "బాగుంది" అని ఇంటికొస్తారు. అందుకే రెండూ కావాలి. మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష (హెచ్‌బిఎ1సి) చాలదా అంటే, ఇప్పుడే చాలదు. కాన్పులో రక్తం పోయి కొత్త కణాలు పుడుతుంటాయి, అంకె ఉన్నదానికంటే తక్కువ చూపొచ్చు.

[తెరపై: బస్సులో బిడ్డతో తల్లి, చేతిలో ఫైలు.]

ఈ పరీక్ష తప్పిపోయేది ఎక్కువగా తల్లిగారింటికి పోయినప్పుడే. కాన్పు వరంగల్‌లో, బాలింత ములుగులో, ఫైలు అత్తగారింటి బీరువాలో. ఫైలు వెంట తీసుకుపోండి. బిడ్డకు ఆరు వారాల టీకా ఎట్లాగూ వేయించాలి, పరీక్ష కూడా అదే వారం పెట్టుకోండి. ముందురోజే ఆశా కార్యకర్తను అడగండి: ఇక్కడ రెండు గంటల పరీక్ష చేస్తరా, ఎన్ని గంటలకు రావాలె? ఉప్మా తినొచ్చాక తెలిస్తే ఆ రోజు వృథా.

అంకెలు బాగున్నా ఏటా ఒకసారి చూపించుకోండి, మూడేళ్లు మాత్రం దాటనివ్వొద్దు. మళ్లీ బిడ్డను అనుకుంటే కడుపు రాకముందే చూపించుకోండి. అప్పటికే నెల తప్పితే ఐదో నెల దాకా ఆగకుండా, మొదటిసారి దవాఖానకు పోయిన రోజే "పోయిన కాన్పుకు షుగర్ ఉండె" అని చెప్పండి.