వంతెన సరే, ఎలుగుబంటికి దారి ఎవరు చూపిస్తారు?

నమస్కారం అండీ. మా కెనడాలోని క్యాల్గరీ మంచు చూసి చూసి విసిగిపోయిన వారికి ఈసారి కర్నూలు ఎండ! నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్తున్నాం. బండి మామయ్య నడుపుతున్నారు. ముందు సీట్లో నాన్న. వెనక అమ్మ, నేను, మా మధ్య పులిహోర డబ్బా. మధ్యాహ్నమే బయలుదేరాలని నాన్న పట్టుబట్టారు. దోర్నాల దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9 గంటలకు వేస్తే, మళ్లీ తీసేది ఉదయం 6 గంటలకే.

ఆత్మకూరు దాటి నల్లమలలోకి వచ్చాం. వన్యప్రాణులు తిరిగే చోటు, నెమ్మదిగా వెళ్లమని బోర్డు కనిపించగానే నేను బాన్ఫ్ సంగతి ఎత్తాను. క్యాల్గరీ నుంచి గంటన్నర ప్రయాణం. ఆ జాతీయ పార్కు మధ్య నుంచే ట్రాన్స్-కెనడా హైవే పోతుంది. జంతువులు దాటడానికే దాని పైన 6 వంతెనలు, కింద 38 దారులు కట్టారు. వంతెన మీద మట్టి పోసి గడ్డి, చెట్లు పెంచారు. కింద లారీలు పోతుంటే పైన ఎలుగుబంటి తన పని మీద తాను నడిచిపోతుంది.

నాన్న అంతా విని, "బాగుందమ్మా. మరి ఎలుగుబంటికి ఆ దారి ఎవరు చూపిస్తారు?" అన్నారు. మామయ్య నవ్వారు గానీ, అసలు ప్రశ్న అదే.

చూపించేది కంచె. రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 2.4 మీటర్ల ఎత్తున ఇనుప వల ఉంటుంది. కింద తవ్వుకుని దూరకుండా కొంత వలను నేలలో పూడ్చారు. రోడ్డు దాటాలని వచ్చిన దుప్పి కంచె వెంబడే నడిచి నడిచి వంతెన దగ్గర తేలుతుంది. వంతెన అందంగా ఉంటుంది కాబట్టి వీడియోలలో అందరూ దాన్నే చూపిస్తారు, కంచె వైపు కెమెరా తిప్పేవారు తక్కువ. నన్నడిగితే కంచె లేని వంతెన ఉత్త అలంకారం. రెండూ కలిశాకే బాన్ఫ్‌లో వాహనాలు జంతువులను ఢీకొట్టడం 80 శాతానికి పైగా తగ్గింది. జింకలు, ఎల్క్‌ల (పెద్ద జాతి జింకలు) వరకైతే 96 శాతానికి పైగా.

వంతెన మీద నుంచి ఒక్క షాటైనా చూపించలేదేమని అడగకండి. అక్కడికి మనుషులకు ప్రవేశం లేదు. ఉండకూడదు కూడా. మనిషి వాసన తగిలితే ఆ దారి వాటికి అనుమానమే. గ్రిజ్లీ అనే గోధుమరంగు ఎలుగులకు నమ్మకం కుదరడానికి దాదాపు అయిదేళ్లు పట్టిందట. పైగా ఒక్కో జంతువుకు ఒక్కో ఇష్టం. గ్రిజ్లీలకు, తోడేళ్లకు, ఎల్క్‌లకు చుట్టూ కనిపించే విశాలమైన వంతెన కావాలి. నల్ల ఎలుగులు, కూగర్లు (పెద్ద అడవి పిల్లులు) ఇరుకైన కింది దారులనే ఎంచుకుంటాయి. దారిలో ముళ్లతీగ కట్టి, దానికి చిక్కిన వెంట్రుకల డీఎన్ఏతో ఎవరు దాటారో కూడా తెలుసుకున్నారు. అటువైపు ఎలుగు ఇటువైపు జోడు వెతుక్కోగలిగితేనే కదా ఆ జాతి నిలిచేది!

"అవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు" అన్నారు మామయ్య. కాదు మామయ్యా. మన కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ జాతీయ రహదారే ఉత్తరాన నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవిలోంచి పోతుంది. అక్కడ రోడ్డునే స్తంభాల మీదికి ఎత్తి, కింద నేలను అడవికి వదిలేశారు. మహారాష్ట్ర వైపు అలాంటివి 9 ఉన్నాయి, అన్నింటిలో పొడవైనది 750 మీటర్లు. వాటి కింద పులులు నడిచిపోవడం ట్రాప్ కెమెరాలలో పడింది.

ఇక్కడ శ్రీశైలం దారిలో మాత్రం ప్రస్తుతానికి రాత్రి గేటే వంతెన. ఖర్చు తక్కువ, రాత్రంతా రోడ్డు పులిదే. నాన్న విసుక్కుంటారు గానీ నాకు ఆ పద్ధతి నచ్చింది. ఎప్పుడైనా ఈ దారిని వెడల్పు చేస్తే, నక్షా గీసేటప్పుడే పెంచ్‌లోలా రోడ్డును పైకి ఎత్తితే బాగుంటుంది. తరువాత అతికిస్తే ఖర్చు పెరుగుతుంది.

దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతున్నాం. ఇప్పుడు ఆ మలుపు చూడండి. ముందు కారు ఆగింది, అద్దం దిగింది, అరటిపండ్లు బయటపడ్డాయి, కోతుల మంద రోడ్డు మధ్యకు వచ్చేసింది. పుణ్యమనుకుని చేసే పనే. కానీ పిల్లతో సహా తల్లికోతి బస్సు చక్రాల ముందు కూర్చోవడం ఆ పుణ్యం వల్లే. అమ్మ కూడా అప్పుడే సంచిలోంచి బిస్కెట్ల ప్యాకెట్ తీస్తోంది.

"అమ్మా, లోపల పెట్టు."



"ఒక్కటేనే!"

మామయ్య అద్దాలన్నీ పైకి ఎత్తేశారు.