ఒళ్లు నాది, గాలి అందరిదీ

నమస్తే అండీ. మళ్లీ వ్యాక్సిన్ గోలేనా అని వీడియో మార్చేసే ముందు ఒక్క నిమిషం. కరోనా ఎమర్జెన్సీ అయిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5నే చెప్పేసింది. టీకా మీద తగువు మాత్రం ఇంకా తెగలేదు. "నా ఒళ్లు, నా ఇష్టం, మధ్యలో ప్రభుత్వానికేం పని" అనేవాళ్లు ఒకవైపు. "వేయించుకోనివాడు సమాజానికి శత్రువు" అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఈ ఇద్దరికంటే పెద్ద పేచీ ఇంకొకరితో ఉంది, వాళ్ల సంగతి చివర్లో.

ముందు "నా ఇష్టం" బ్యాచ్. కరోనాను కాసేపు పక్కన పెట్టి తట్టు సంగతి చూద్దాం. తట్టు సోకిన పిల్లాడొకడు ఆసుపత్రికి వచ్చాడనుకోండి. వెయిటింగ్ హాల్లో వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని నాలుగుసార్లు దగ్గాడు. డాక్టరుకు చూపించుకుని ఇంటికెళ్లిపోయాడు. గంటన్నర గడిచింది. ఇంకో తల్లి ఆరు నెలల పాపను ఎత్తుకొచ్చి అదే హాల్లో కూర్చుంది. దగ్గేవాళ్లెవరూ కనిపించడం లేదు, కానీ వైరస్ అక్కడి గాలిలో ఇంకా ఉండొచ్చు. మనిషి వెళ్లిపోయాక రెండు గంటల దాకా తట్టు వైరస్ గాలిలో నిలవగలదు. పాపకు టీకా వేయించలేదా అంటే, వేసే వయసే రాలేదు. మామూలుగా మొదటి డోసు వేసేది 9 నెలలకో, ఏడాదికో. పక్క కుర్చీలో బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పిల్లాడు ఉన్నాడనుకోండి, వాడికి ఆ టీకా అసలు వేయకూడదు. ఎందుకంటే అందులో ఉండేది బలహీనపరిచిన, బతికున్న వైరస్.

ఈ ఇద్దరి దగ్గరికెళ్లి పర్సనల్ ఛాయిస్ గురించి ఉపన్యాసం ఇవ్వండి చూద్దాం. వాళ్లకు ఎంచుకోడానికి ఏముంది? చుట్టూ ఉన్నవాళ్లకు రోగం రాకపోవడమే వాళ్లకు రక్ష. రక్షణ లేని జనంలో ఒక్క తట్టు రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. అందుకే నూటికి 95 మందికి ఇమ్యూనిటీ ఉండాలంటారు. మిగిలిన ఆ ఐదుగురి చోటు టీకా వేయించుకోలేనివాళ్లది. అన్నీ బాగుండి కూడా "నాకు మూడ్ లేదు" అనేవాడు అందులో దూరడమంటే, దివ్యాంగుల సీట్లో కాళ్లు బారజాపుకుని కూర్చోవడమే.

ఇక్కడిదాకా విని చప్పట్లు కొడుతున్నవాళ్లు కాస్త ఆగాలి. కరోనా తట్టు లాంటిది కాదు. 2020 చివర్లో "95 శాతం ఎఫెక్టివ్" అని హెడ్‌లైన్లు వచ్చాయి కదా, ఆ ట్రయల్స్ ప్రధానంగా కొలిచింది లక్షణాలతో జబ్బు పడడం తగ్గిందా లేదా అని. టీకా వేయించుకున్నవాడు పక్కవాడికి అంటిస్తాడా లేదా అన్నది వాటిలో తేలాల్సిన ప్రశ్నే కాదు. మొదట్లో వ్యాప్తి కూడా బాగానే తగ్గింది, కాదనను. తర్వాత డెల్టా వచ్చింది, దాని వెనక ఒమిక్రాన్ వచ్చింది. రెండు డోసులు, బూస్టర్ వేయించుకున్నవాళ్లూ పాజిటివ్ అయ్యారు, ఇంట్లోవాళ్లకు అంటించారు. ప్రాణం మీదికి రాకుండా కాపాడడంలో మాత్రం టీకా గట్టిగానే నిలబడింది. అంటే లాభం ఎక్కువ శాతం వేయించుకున్నవాడికే. మరి "పక్కవాడి కోసం వేయించుకో, లేకపోతే లోపలికి రానివ్వం" అనే వాదన అప్పటికీ అంతే బలంగా ఉంటుందా? ఉండదు. వైరస్ మారినా రూల్స్ మారలేదు, గొడవంతా అక్కడే వచ్చింది.

మన సుప్రీంకోర్టు పట్టుకున్న పాయింటూ ఇదే. టీకా ఆంక్షలను సవాలు చేస్తూ జేకబ్ పులియెల్ అనే డాక్టరు వేసిన కేసులో 2022 మే 2న తీర్పిస్తూ, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు, శరీరం మీద హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. అదే నోటితో, జనం ఆరోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని ఆంక్షలు పెట్టొచ్చు, కానీ అవి అవసరానికి తగ్గట్టు ఉండాలంది. టీకా వేయించుకోనివాళ్ల వల్ల వ్యాప్తి ఎక్కువని చూపే డేటా తన ముందు పెట్టలేదు కాబట్టి, అప్పటికి ఉన్న ఆంక్షలు సమంజసం కాదంది. ఆస్ట్రియా అయితే 2022 ఫిబ్రవరిలో పెద్దలందరికీ టీకా తప్పనిసరి అని చట్టమే చేసింది. 3,600 యూరోల దాకా జరిమానా అంది. జరిమానాలు మొదలు కాకముందే మార్చిలో దాన్ని పక్కన పెట్టింది, వేసవికల్లా రద్దు చేసేసింది.

ఈ తగువు మన తరంతో పుట్టింది కాదు. 1902లో అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో మశూచి ప్రబలింది. టీకా వేయించుకోండి, లేదంటే 5 డాలర్ల జరిమానా అన్నారు. హెన్నింగ్ జాకబ్సన్ అనే పాస్టర్ ఒప్పుకోలేదు. చిన్నప్పుడు టీకా వేస్తే నాకు పడలేదు, నా కొడుక్కీ పడలేదు అన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1905లో ఓడిపోయాడు. ఇది చెప్పి "చూశారా, టీకా తప్పనిసరి చేయడం కరెక్టే" అనేవాళ్లు చాలామంది. వాళ్లు సగంలో ఆపేసే కథ ఇంకొకటుంది. 1927లో వర్జీనియా రాష్ట్రంలో క్యారీ బక్ అనే అమ్మాయి మీద మందబుద్ధి అని ముద్ర వేశారు. ఆమెకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని అదే కోర్టు తీర్పిచ్చింది. ఆధారం ఏమిటో తెలుసా? పాస్టర్ గారి కేసే. టీకాను తప్పనిసరి చేసిన సూత్రం ఫెలోపియన్ ట్యూబులు కోయడానికీ సరిపోతుందని జస్టిస్ హోమ్స్ రాశారు. కాబట్టి "అందరి మంచి కోసమే కదా" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు కాస్త భయమేస్తుంది. టీకా అంటే భయం కాదు, ఆ మాటకు హద్దు గీయకపోతే భయం.

హద్దు ఎక్కడ గీయాలి? క్యాన్సర్ వార్డులో పనిచేసే నర్సును, వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానం చేయించే మనిషిని టీకా అడగొచ్చు, గట్టిగానే అడగొచ్చు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పని చేసుకునేవాణ్ని ఉద్యోగం పీకేస్తామని బెదిరించడం మాత్రం పెత్తనమే. వయసు సంగతీ చూడాలి. ఆస్ట్రాజెనెకా టీకాతో అరుదుగా రక్తం గడ్డలు కడుతున్నాయని తేలాక, బ్రిటన్ 2021 ఏప్రిల్‌లో 30 ఏళ్లలోపువాళ్లకు వేరే టీకా ఇవ్వమంది. ఎనభై ఏళ్ల పెద్దాయనకు కరోనాతో ఉన్న ముప్పు ముందు ఆ రిస్క్ లెక్కలోకే రాదు. పాతికేళ్ల కుర్రాడి లెక్క వేరు. ఆ తేడాను దాచకుండా చెప్పినందుకు టీకాకు చెడ్డపేరేమీ రాదు. దాచి దొరికిపోతేనే వస్తుంది.

ఇక నా అసలు పేచీ. టీకా తర్వాత తమ కూతుళ్లు చనిపోయారంటూ ఇద్దరు అమ్మాయిల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన జవాబు సారాంశం ఇది: చావులు బాధాకరమే, కానీ టీకా వేయించుకోవడం స్వచ్ఛందం, చట్టప్రకారం బలవంతం ఏమీ లేదు, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. సూది వేయించుకునేదాకా అది దేశం పట్ల బాధ్యత. తేడా వచ్చాక అది మీ సొంత నిర్ణయం. రెండూ ఒకే నోట ఎలా వస్తాయండీ?

దీనికి దారి ఎవరికీ తెలియనిదేం కాదు. అమెరికా 1986లోనే చట్టం చేసింది. మామూలుగా వేసే టీకాల మీద చిన్న పన్ను వేసి ఫండ్ పెట్టారు, అందులోంచి పరిహారం ఇస్తారు, కంపెనీ తప్పు చేసిందని నిరూపించాల్సిన పని లేదు. కరోనా టైంలో పేద దేశాలకూ టీకాలు అందించే కోవాక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద 92 దేశాలకు ఇలాంటి ఏర్పాటే చేశారు. అందరి కోసం సూది వేయించుకోమని జనాన్ని అడిగినప్పుడు, అరుదుగా దెబ్బతిన్న కుటుంబానికి సమాజమే ఖర్చు పెట్టుకోవాలి. వాళ్లను లాయరు చుట్టూ తిప్పకూడదు. ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు, టీకా అనుమతి రోజునే ఆ ఫండ్ కూడా ప్రకటిస్తారా అని మనం ముందే అడగాలి. ఫండ్ ఉన్నా లేకపోయినా నేను వేయించుకుంటాను, ఆ విషయంలో నాకు డౌట్ లేదు. కానీ వెనకాడేవాణ్ని బాధ్యత లేనివాడని తిట్టే అర్హత ప్రభుత్వానికి ఆ ప్రకటన చేశాకే వస్తుంది.