ఎర్ర లైటు వెలిగినప్పుడు: ఆయిల్ పంపు గురించి నాలుగు మాటలు

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన తోటి మెకానిక్‌లకు, విద్యార్థులకు నమస్కారం. ఆయుధపూజ సందర్భంగా పనిముట్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పసుపు, కుంకుమ పెడదామన్నా చేతికి అందని చోట, ఇంజన్ అడుగున పనిచేసే ఆయిల్ పంపు గురించి మాట్లాడాలని నేను వచ్చాను.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఛాంబర్‌లోని ఆయిల్‌ను జాలీ గుండా పీల్చి, ఫిల్టరు మీదుగా క్రాంక్ బేరింగులకు, క్యామ్ షాఫ్ట్‌కు ఒత్తిడితో పంపడమే దాని పని. మారుతి 800 వంటి ఇంజన్లలో అది క్రాంక్ షాఫ్ట్ ముందు కొసనే ఉంటుంది కనుక, ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. బేరింగుకూ క్రాంకుకూ నడుమ ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. పంపు అందించే ఆయిల్ అక్కడ పొరగా నిలిచి, రెండు లోహాలు ఒరుసుకోకుండా కాపాడుతుంది.

పంపును పరీక్షించే పద్ధతి వరుసగా చెప్పాలనే అనుకున్నాను గాని, ముందు ఒక సంగతి చెప్పక తప్పదు. కొన్నేళ్ల కిందట గుడివాడ వైపు నుంచి ఒక టాక్సీని తాడు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. స్పీడ్ బ్రేకర్ మీద ఛాంబర్ కొట్టుకున్న మరునాటి నుంచీ, ఆయిల్ ఒత్తిడి తగ్గిందని హెచ్చరించే డ్యాష్‌బోర్డు ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే, ఒక షెడ్డులో డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిల్ నిండుగా ఉంది కాబట్టి ఆ లైటును వెలిగించే సెన్సారే పాడైందని చెప్పి, దాని వైరు ఊడదీశారట. మేము విప్పి చూస్తే, ఛాంబర్ సొట్ట పైకి లేచి జాలీ మూతిని మూసేసింది. పంపు లోపల తిరిగి ఆయిల్‌ను తోసే రోటర్లు బాగానే ఉన్నాయి, కాని ఆయిల్ పీల్చుకునే దారే లేదు. కనెక్టింగ్ రాడ్ బేరింగు ఒకటి రాగి రంగు తేలి క్రాంకుకు కరుచుకుపోయింది. ఇంకా ఫైనాన్సు కిస్తీలు తీరని ఆ డ్రైవరు, "అన్నా, ఆయిల్ నిండుగానే ఉంది కదా" అని పదే పదే అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

విద్యార్థులారా, డిప్‌స్టిక్ చూపేది ఆయిల్ మట్టాన్ని, ఒత్తిడిని కాదు. దారిలో ఆ లైటు వెలిగితే బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపమని ప్రతి కస్టమరుకూ చెప్పండి. దయచేసి వైరు ఊడదీయకండి. ఆ సెన్సారు స్విచ్చి విప్పి, అదే రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి చూడండి. ఒత్తిడి నిజంగానే తక్కువగా ఉంటే, ఆయిల్ పలచబడిందా, జాలీ పూడుకుపోయిందా, ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వులో చెత్త ఇరుక్కుని అది తెరుచుకునే ఉండిపోయిందా, బేరింగులు అరిగాయా అని చూసిన తరువాతే పంపును అనుమానించండి. రోటర్ల పక్క సందును సన్నని రేకుల ఫీలర్ గేజితో కొలిచి, ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పే హద్దుతో పోల్చండి. కొన్ని చిన్న ఇంజన్లలో ఆ హద్దు 0.15 మి.మీ. మాత్రమే. కొత్త పంపును మాత్రం ఎన్నడూ పొడిగా బిగించకండి. రోటర్ల నడుమ ఆయిల్ పోసి, చేత్తో తిప్పి మరీ బిగించండి.

ఆనాటి ఛాంబర్‌ను ఈ బల్ల మీద ఉంచాను. ఒక్కొక్కరే వచ్చి ఆ సొట్ట మీద వేలు పెట్టి, ఎంత పైకి లేచిందో చూడండి.